మోటారు కార్ల గడ్డ మీద పుట్టిన పిజ్జా కొట్లు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం. తెలుగులో ఉపన్యాసం ఇవ్వడం మాకు అలవాటు తక్కువ. మాటలో తడబాటు ఉంటే పెద్దలు మన్నించాలి. లెక్కలో తప్పు ఉంటే మాత్రం మన్నించవద్దు, నిలదీయండి.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి "మాస్టారూ, యువకుల జీవనోపాధి మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. ఏటా ఈ వేదిక మీద ఈ విషయమే మాట్లాడుకుంటున్నాం. చప్పట్లు కొడుతున్నాం, భోజనాలు చేసి ఇళ్లకు పోతున్నాం. అందుచేత ఈసారి ఉపదేశం పక్కనబెట్టి, దూరదేశంలో ఒక ప్రాంతంలో నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుదామని నిశ్చయించుకున్నాం. అది పిజ్జా సంగతి. వెనక వరుసలో పిల్లలు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

ఈ సంగతే ఎందుకంటే, మన కమిటీ ముందు ఒక అర్జీ ఉన్నది. ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు మా పాత శిష్యుడు, రెండోవాడు వాడి చిచ్చా కొడుకు, బస్టాండు రోడ్డులో పిజ్జా, బ్రెడ్డు, బన్ను చేసి అమ్మే చిన్న కొట్టు పెట్టుకుంటామని, కర్జె హసనా కింద కొంత పైకం ఇప్పించమని అడిగారు. కమిటీలో ఒక పెద్దాయన "పిజ్జా ఏమిటయ్యా, అది మన తిండా, మన పనా? దానికి సంఘం డబ్బు ఇవ్వాలా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కోపంతో అడిగింది కాదు, సంఘం పైసా వృథా పోకూడదని అడిగింది. దానికి జవాబు చెప్పుకోవడానికే మేము ఇక్కడ నిలబడ్డాం.

ముందు ఆ శిష్యుడి గురించి నాలుగు మాటలు. లెక్కల్లో మా తరగతికి వాడే మొదటివాడు. పదో తరగతి అయ్యీకాకముందే వాడి అబ్బా మంచం పట్టాడు. వాడు బడికి రావడం మానేశాడు. మేము హాజరుపట్టీలో ఎర్ర సిరాతో గీత గీశాం. ఇంటికి పోయి ఎందుకు రావడం లేదని అడగలేదు. తరువాత కొన్నాళ్లకు వాడు మోటారు సైకిలు మీద హోటలు పార్సిళ్లు ఇళ్లకు చేర్చే పనిలో చేరినట్టు తెలిసింది. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి బండి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో చూడబోతే వాడన్న మాట ఇది: "ఇంకా రెండు కిలోమీటర్లు ఉండె సార్, నాలుగు నిమిషాలుండె. లెక్క సరిపోయేదే, వాన పడకుంటే." మేము నేర్పిన లెక్క వాడికి అక్కడ పనికొచ్చింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇక అసలు సంగతికి వస్తాం. మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పట్టణానికి దగ్గరలో కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. సెలవుల్లో వచ్చినప్పుడు ఈ అర్జీ మాట వచ్చింది. వాడన్నాడు: "మామూ, పిజ్జా ఇటలీది కావచ్చు. కానీ ఇంటికి తెచ్చి ఇచ్చే పిజ్జా, ఊరూరా ఒకే పేరుతో ఉండే పిజ్జా కొట్టు, అది చాలావరకు మా ఊరి చుట్టుపక్కల పుట్టిందే." మేము నమ్మలేదు. తరువాత దొరికినంత చదివి చూశాం. వాడు చెప్పింది నిజమే.

లెక్క చూడండి. లిటిల్ సీజర్స్ 1959లో గార్డెన్ సిటీలో మొదలైంది. డామినోస్ 1960లో ఇప్సిలాంటిలో. హంగ్రీ హోవీస్ 1973లో టేలర్‌లో. జెట్స్ 1978లో స్టెర్లింగ్ హైట్స్‌లో. ఈ నాలుగూ డెట్రాయిట్ చుట్టూ ఉన్న చిన్న ఊళ్లే. ఒక ఊరినుండి ఇంకో ఊరికి కారులో పోతే గంట, మహా అయితే ఇంకొంచెం. అంత చిన్న చుట్టుకొలతలో ఇన్ని సంస్థలు ఎట్లా పుట్టాయి? నీళ్ల మహిమా? అక్కడివాళ్లు ఇటలీ వంటవాళ్లా? కాదు. డామినోస్ పెట్టినాయన ఇటలీ మనిషి కాడు, లిటిల్ సీజర్స్ పెట్టిన దంపతులూ కారు. పిజ్జా వారికీ పరాయి తిండే. మన పెద్దాయన ప్రశ్నకు ఇది మొదటి జవాబుగా మనవి చేస్తున్నాం.

ఆ గడ్డ సంగతి తెలియాలంటే ముందు మోటారు కారు సంగతి తెలియాలి. హెన్రీ ఫోర్డు 1913లో డెట్రాయిట్ పక్కనే హైలాండ్ పార్కు కర్మాగారంలో కార్లను కదిలే వరుస మీద కూర్చే పద్ధతి పెట్టాడు. ఒక్కొక్క మనిషి ఒక్కొక్క పని మాత్రమే చేస్తాడు, బండి వాని ముందుకు తానే వస్తుంది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాడు. ఆ కాలంలో అది చాలా పెద్ద కూలి. అది విని నానా దేశాల జనం అక్కడికి తరలివచ్చారు. ఇటలీవాళ్లు వచ్చారు, మాసిడోనియావాళ్లు వచ్చారు, అమెరికా దక్షిణాదినుండి నల్లజాతివారు వచ్చారు, సిరియా, లెబనాన్, యెమెన్ దేశాల ముస్లిములూ వచ్చారు. 1921లో ఆ హైలాండ్ పార్కులోనే ఒక మసీదు కట్టుకున్నారంటే మనవాళ్లు ఎంతమంది ఆ కర్మాగారాల మీద బతికారో ఊహించుకోవచ్చు. ఇవాళ పక్కనున్న డియర్‌బార్న్ పట్టణం అమెరికాలో ముస్లిములు ఎక్కువగా ఉన్న ఊళ్లలో పేరున్నది.

కూలి దొరికేచోట ఆకలి ఉంటుంది. కర్మాగారాలు రాత్రీ పగలూ షిఫ్టుల్లో నడిచేవి. అర్ధరాత్రి పని దిగిన మనిషికి వేడి తిండి కావాలి, కడుపు నిండాలి, ధర తక్కువ ఉండాలి. 1946లో డెట్రాయిట్‌లో బడ్డీస్ అనే చోట గస్ గెర్రా అనే ఆయన పలకలాగా చదరంగా ఉండే మందపాటి పిజ్జా చేసి అమ్మడం మొదలుపెట్టాడు. దాన్ని కాల్చడానికి ఆయనకు దొరికిన పళ్లాలు ఏమిటో తెలుసా? కార్ల కర్మాగారాల్లో చిన్న చిన్న విడిభాగాలు వేసుకునే నల్లటి ఉక్కు పళ్లాలు. బరువైన ఉక్కు కాబట్టి వేడి బాగా పట్టి అంచులు కరకరలాడేట్టు కాలేది. ఇవాళ డెట్రాయిట్ పిజ్జా అని దేశదేశాల్లో పేరు పొందినది అదే. చేతికందిన సామాను వాడుకున్నాడు, అంతే. మన బేకరీలవాళ్లు నూనె డబ్బాలు కోసి బ్రెడ్డు అచ్చులు చేసుకోలేదా? అట్లాంటిదే.

ఇక లిటిల్ సీజర్స్. మైక్ ఇలిచ్ తండ్రి మాసిడోనియానుండి వలస వచ్చి క్రైస్లర్ కార్ల కంపెనీలో పనిముట్లు చేసే కార్మికుడు. మైక్ బేస్‌బాల్ ఆటగాడు కావాలని కలలు కన్నాడు. డెట్రాయిట్ టైగర్స్ జట్టువాళ్లు 1952లో తీసుకున్నారు కూడా, కానీ పై మెట్టు ఎక్కకముందే మోకాలు దెబ్బతిని ఆట ముగిసింది. ఇంటింటికీ తిరిగి సామాను అమ్మాడు. అతని భార్య మారియన్ కూడా మాసిడోనియా కుటుంబపు బిడ్డే, పుట్టింది డియర్‌బార్న్‌లో. ఇద్దరూ కలిసి కూడబెట్టిన 10,000 డాలర్లతో 1959 మే నెలలో గార్డెన్ సిటీలో కొట్టు తెరిచారు. పిజ్జా చేయడం, జనాన్ని పిలవడం ఆయన పని. గల్లా పెట్టె, లెక్కల పుస్తకం ఆమె పని. పేరు పెట్టిందీ ఆమే. పరదా అవతలి ఆపాలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాం. ఆ సంస్థ నిలబడిందంటే లెక్కల పుస్తకం ఆ ఇంటి ఇల్లాలి చేతిలో ఉండడం అందుకు ఒక కారణం. మూడేళ్లకే, అనగా 1962లో, వారెన్ అనే ఊళ్లో వేరే మనిషికి తమ పేరు, పద్ధతి ఇచ్చి కొట్టు పెట్టించారు. దాన్నే ఫ్రాంచైజీ అంటారు.

డామినోస్ కథ ఇంకా కష్టమైనది. టామ్ మోనహన్ 1937లో యాన్ ఆర్బర్‌లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు తండ్రి పోయాడు. తల్లికి సాకే శక్తి లేక పిల్లలిద్దరినీ అనాథాశ్రమంలో వేసింది. యతీముగా పెరిగిన ఈ టామ్, సైన్యంలో పనిచేసి వచ్చి, ఆర్కిటెక్చరు చదవాలనుకున్నాడు, ఫీజుకు డబ్బు లేదు. 1960 డిసెంబరులో తమ్ముడు జేమ్స్‌తో కలిసి ఇప్సిలాంటిలో కాలేజీ దగ్గర ఉన్న డామినిక్స్ అనే చిన్న పిజ్జా కొట్టు కొన్నాడు. అందుకు చేసిన అప్పు వెయ్యి డాలర్లు కూడా లేదు. చదువు ఖర్చు వెళ్లదీసుకోవడానికి పెట్టిన కొట్టు అది. చివరికి చదువే ఆగిపోయింది, కొట్టు మిగిలింది.

జేమ్స్‌కు పోస్టాఫీసులో ఉద్యోగం ఉంది. దాన్ని వదలడం ఇష్టంలేక ఎనిమిది నెలలకే భాగం నుండి తప్పుకున్నాడు. తన సగం వాటాకు బదులు పిజ్జాలు మోసే పాత వోక్స్‌వాగన్ కారు తీసుకున్నాడు. తరువాత ఆ వాటా విలువ ఎన్ని కోట్లయిందో మీరే ఊహించుకోండి. లోకమంతా దీన్ని నవ్వుతాలుగా చెప్పుకుంటుంది. మాకు మాత్రం నవ్వు రాలేదు. పెళ్లాం పిల్లలను చూసుకునే మనిషి నెలజీతాన్ని పట్టుకోవడం తప్పని మేమెట్లా అంటాం? జీతగాళ్లమే మేమూ. మేము చూసింది వేరొకటి. నాకు కారు, నీకు కొట్టు అని తేల్చుకుని విడిపోయారు. ఎవరికేమి వచ్చిందో ఇద్దరికీ తెలుసు.

మా ఇంటి సంగతి చెబుతాం. మా అబ్బాజాన్, చిచ్చాజాన్ కలిసి ఇదే ఊళ్లో బేకరీ నడిపారు. ముసలివాళ్లకు ఆ బన్నుల రుచి ఇంకా జ్ఞాపకం ఉండవచ్చు. ఎవరి పెట్టుబడి ఎంత, పొయ్యి ఎవరిది, నెలకు ఎవరెంత తీసుకున్నారు, ఏదీ రాసుకోలేదు. "అన్నదమ్ముల మధ్య కాగితమెందుకు" అన్నారు. ఒక రంజాను నెలలో అప్పుమీద తెచ్చిన మైదా బస్తాల దగ్గర మాట వచ్చింది. దుకాణం మూతపడింది. ఆ తరువాత పదకొండేళ్లు ఈదు పండుగకు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చిచ్చాజాన్ జనాజా రోజున అబ్బాజాన్ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు మేము చూశాం. తప్పు ఎవరిదని ఇప్పుడు అడిగితే మేము చెప్పలేం. కాగితం ఉంటే చెప్పగలిగేవాళ్లం. అసలు చెప్పాల్సిన అవసరమే వచ్చేది కాదేమో.

మళ్లీ మిషిగన్‌కు పోదాం. ఆ ప్రాంతంలోనే ఈ వ్యాపారం ఎందుకు ఇట్లా అల్లుకుపోయిందంటే మాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, కార్లు. కార్లు చేసే జనం కార్లు కొన్నారు. కార్లు ఉన్నవాళ్లు ఊరికి దూరంగా, విశాలంగా ఇళ్లు కట్టుకున్నారు. రోడ్ల పక్కన వరుస దుకాణాలు లేచాయి, అద్దె తక్కువ. అట్లాంటి దుకాణానికి బల్లలు, కుర్చీలు అక్కర్లేదు. పొయ్యి, పిండి, ఒక కారు ఉంటే చాలు. తినేవాడు రావడం కాదు, తిండే వాని ఇంటికి పోతుంది. దానికి తోడు యాన్ ఆర్బర్, ఇప్సిలాంటి కాలేజీ ఊళ్లు. హాస్టళ్లలో వేలమంది విద్యార్థులు. వాళ్ల దగ్గర వంటిల్లు లేదు, రాత్రి మేలుకుంటారు, నలుగురు కలిసి ఒకటి తెప్పించుకుంటారు. టామ్ మోనహన్ కాలేజీలు వెతుక్కుంటూ కొట్లు పెట్టాడు.

రెండోది, కర్మాగారపు బుద్ధి. ఇక్కడ మా పాఠం వస్తుంది, పిల్లలు జాగ్రత్తగా వినాలి. మోనహన్ కొట్లో మొదట్లో ఆరంగుళాల చిన్న పిజ్జా కూడా ఉండేది. ఒకనాడు పనివాళ్లు చాలక దాన్ని ఆపేశాడు. ఆ రోజు పని తేలికైంది, లాభం పెరిగింది. ఎందుకు? పన్నెండంగుళాల పిజ్జా వైశాల్యం ఆరంగుళాలదానికి ఎంత రెట్లు? రెండు రెట్లు అన్నవాడు రేపు మా దగ్గరికి రావాలి. నాలుగు రెట్లు. కానీ పిండి ఒత్తే మనిషి కాలం, పెట్టె, కారు ప్రయాణం, ఇవన్నీ రెండింటికీ ఇంచుమించు ఒకటే. అందుచేత చిన్నది చేస్తే చాకిరీ మిగులుతుంది, డబ్బు మిగలదు. అతను రకాలు తగ్గించాడు, సైజులు తగ్గించాడు, తాగడానికి కోలా ఒక్కటే పెట్టాడు. పిండి ఒకేచోట కలిపి కొట్లన్నింటికీ పంపించాడు. మెత్తటి అట్టపెట్టెలు ఒకదానిమీద ఒకటి పెడితే కుంగిపోతున్నాయని గట్టి ముడతల అట్టతో పెట్టె చేయించాడు. ఇదంతా కారు కూర్చే వరుసలాంటిదే. ఒక్కొక్క పని విడదీయడం, వృథా తీసేయడం, ప్రతిసారీ అదే విధంగా చేయడం. కార్ల గడ్డ మీద పెరిగినవాళ్లకు ఈ ఆలోచన గాలిలోనే ఉన్నది.

మూడోది, మనిషి వెనక మనిషి. మాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచింది ఇదే. టేలర్ ఊళ్లో జిమ్ హెర్న్ అనే ఆయన తన హాంబర్గర్ కొట్టును 1973లో పిజ్జా కొట్టుగా మార్చాడు. అక్కడ పిజ్జాలు మోసే కుర్రాడు స్టీవ్ జాక్సన్. హెర్న్ ఆ కుర్రాణ్ణి భాగస్వామిని చేసుకున్నాడు. అదే హంగ్రీ హోవీస్. ఆ కుర్రాడు తరువాత ఆ సంస్థకే అధ్యక్షుడయ్యాడు. అమెరికాలో తమ కొట్ల యజమానుల్లో నూటికి 90 మందికి పైగా ఒకప్పుడు తమ కొట్లలోనే పిజ్జాలు మోసినవాళ్లో, పిండి ఒత్తినవాళ్లో అని డామినోస్ సంస్థ చెప్పుకుంటుంది. 1967లో ఇప్సిలాంటిలో మొదటి ఫ్రాంచైజీ ఇచ్చిన నాటినుండి ఆ దారి పడింది. ఒకడు పని నేర్చుకున్నాడు, తన కొట్టు పెట్టుకున్నాడు, వాడి దగ్గర ఇంకొకడు నేర్చుకున్నాడు. పొరుగువాడు చేయగలిగితే నేనెందుకు చేయలేననే ధైర్యం ఊరినుండి ఊరికి పాకింది. ఒక ప్రాంతం ఒక వృత్తికి కేంద్రం కావడమంటే ఇదే. మన మంగళగిరి మగ్గాల సంగతి ఇంతే, పొందూరు ఖద్దరు సంగతి ఇంతే.

వీళ్ల పోటీలోనూ ఒక తమాషా ఉన్నది. డామినోస్ మోనహన్ 1983లో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టును కొన్నాడు. 1992లో దాన్ని అమ్మాడు. కొన్నదెవరు? లిటిల్ సీజర్స్ ఇలిచ్. కుర్రతనంలో ఏ జట్టులో ఆడాలని కలగని మోకాలు విరిగి వెనక్కి వచ్చాడో, ఆ జట్టుకే యజమాని అయ్యాడు.

ఇదంతా వింటే గులాబీ పూలబాట అనుకుంటారు. కాదు. మోనహన్ తరువాత చేర్చుకున్న భాగస్వామి దివాలా తీసి అప్పులు ఇతని నెత్తిన పడ్డాయి. కొట్టు పాత యజమాని తన పేరు వాడవద్దంటే, కొట్లో పనిచేసే కుర్రాడు చెప్పిన డామినోస్ అనే పేరు 1965లో పెట్టుకున్నాడు. 1968లో అగ్నిప్రమాదంలో ప్రధాన కార్యాలయం, పిండి కలిపేచోటు కాలిపోయాయి. తొందరపడి కొట్లు పెంచి, 1970లో సంస్థ పెత్తనం బ్యాంకు చేతికి పోయింది. మరుసటి ఏడు తిరిగి చేతికి వచ్చింది, అప్పులవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తీర్చుకుంటూ వచ్చాడు. 1975లో ఒక చక్కెర కంపెనీ ఆ పేరు మాదంటూ దావా వేసింది, 1980లో పై కోర్టులో గెలిచేదాకా అయిదేళ్లు ఆ కత్తి వేలాడింది. 1978లో 200 కొట్లు, 1983లో 1,000 కొట్లు, అదే ఏడు కెనడాలో కాలు పెట్టాడు. 1998లో సంస్థను అమ్మేశాడు. ఆ పేరు మన ఢిల్లీకి 1996లో వచ్చింది.

ఇక ముప్ఫై నిమిషాల మాట. అరగంటలో పిజ్జా ఇల్లు చేరకపోతే డబ్బు వద్దని, తరువాత కొంత తగ్గిస్తామని డామినోస్‌వాళ్లు అమెరికాలో హామీ ఇచ్చారు. దాంతోనే వాళ్ల పేరు మార్మోగింది. అరగంట లోపల వేడి పిజ్జా రావాలంటే కొట్టు దగ్గరలో ఉండాలి, పొయ్యి వేగంగా ఉండాలి అని వాళ్లు చెప్పేవారు. కానీ రోడ్డు మీద ఉన్నది కుర్రాడు. 1989లో సెయింట్ లూయిస్ పట్టణంలో పిజ్జా మోసే బండి గుద్ది ఒక స్త్రీ గాయపడింది. 1993 డిసెంబరులో జ్యూరీ ఆమెకు ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని తీర్పు చెప్పింది. తరువాత అంతకంటె తక్కువకు రాజీ కుదిరింది. ఆ తీర్పు వచ్చిన కొద్దిరోజులకే అమెరికాలో ఆ హామీని ఎత్తివేశారు. వేడి తిండికి గడియారం కట్టినవాళ్లే దాన్ని విప్పాల్సి వచ్చింది. మా శిష్యుడి మాట మాకు మళ్లీ గుర్తొచ్చింది. ఇంకా నాలుగు నిమిషాలుండె సార్.

ఒక తేడా కూడా చెప్పాలి. మన దేశంలో డామినోస్ కొట్లను ఒకే పెద్ద కంపెనీ నడుపుతున్నది. అక్కడ మిషిగన్‌లో పిజ్జా మోసిన కుర్రాడు కొట్టు యజమాని అయిన దారి మన కుర్రాళ్లకు అదే రూపంలో లేదు. పార్సిళ్లు మోసే మన పిల్లలు పదేళ్లు మోసినా పదేళ్ల మోతే మిగులుతుంది. అందువల్ల ఆ దారి వేసేవాళ్లు ఇంకెవరైనా ఉండాలి. ఎవరు? ఈ సంఘమే అని మా మనవి.

పిజ్జా వల్ల డెట్రాయిట్ స్వర్గమైందని మేము చెప్పడం లేదు. కార్ల కర్మాగారాలు తగ్గి, జనం వలస పోయి, 2013లో ఆ పట్టణ పురపాలక సంస్థే దివాలా పిటిషను వేసింది. కారు కూర్చే కార్మికుడి జీతం పిజ్జా మోసేవాడికి ఎన్నడూ రాలేదు. మిషిగన్ ఒక్కటే ఈ వ్యాపారపు పుట్టిల్లు అనీ అనము. పిజ్జా హట్ 1958లో కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు తల్లి దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకుని పెట్టినది. అమ్మ ఇచ్చిన కర్జె హసనా అనుకోండి. కానీ ఒక్క ప్రాంతంలో ఇన్ని పేర్లు ఒకదాని వెనక ఒకటి లేచింది డెట్రాయిట్ చుట్టూనే.

ఇప్పుడు అర్జీ దగ్గరకు వస్తాం. పిజ్జా మన తిండా అన్నారు. బ్రెడ్డు ఎవరి తిండి? సమోసా ఎక్కడనుండి వచ్చింది? పొయ్యి, పిండి, ఈస్టు మన బేకరీలవాళ్లకు తాతల నాటి పని. ఇవాళ మన ఊళ్లో పిల్లలు పుట్టినరోజుకు పిజ్జా అడుగుతున్నారు, పెద్దలు కొనిపెడుతున్నారు. నిన్న మొన్నటి వలీమాలో కూడా చూశాం. ఆ డబ్బు ఊరు దాటి పోవాలా, ఊళ్లో ఉండాలా అన్నదే లెక్క.

అయితే అర్జీ పెట్టారు గదా అని కళ్లు మూసుకుని పైకం ఇవ్వమని మేము అడగడం లేదు. మా మనవి మూడు విధాలు.

ఒకటి, ఆ అన్నదమ్ములిద్దరూ భాగస్వామ్య పత్రం రాసుకున్న తరువాతే పైకం చేతికి ఇవ్వాలి. ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి పని ఏది, నెలకు ఎవరెంత తీసుకోవాలి, విడిపోవాల్సి వస్తే ఎవరికేమి, అన్నీ అందులో ఉండాలి. విడిపోయేమాట ముందే రాయడం అపశకునం కాదు, అది అన్నదమ్ములను కాపాడుతుంది. సాక్షి సంతకం మేము పెడతాం.

రెండు, ఆదివారం ఆదివారం మన సంఘం గదిలో ఒక గంట లెక్కల పుస్తకం రాయడం నేర్పుతాం. చిట్టా, ఆవర్జా, అప్పు, జమ, జీఎస్టీ, ఒక్కొక్కటి నిదానంగా. ఫీజు లేదు. ఆడపిల్లలూ రావాలి. మారియన్ ఇలిచ్ లాగా గల్లా పెట్టె చూసుకునే చేతులు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి, పనిపెట్టేవాళ్లు లేక ఊరుకున్నాయి.

మూడు, ఈ కొట్టులో పార్సిలు మోసే పిల్లవానికి గడియారం కట్టవద్దు. ఆలస్యమైతే వాని జీతంలో కోత పెట్టకూడదని షరతు రాయించాలి. ఇంకా ఒక మాట. రేపు ఆ పిల్లవాడు పని నేర్చుకుని తన కొట్టు పెట్టుకుంటానంటే, వీళ్లు అడ్డం పడకుండా దారి చూపాలి. అప్పు తీరిన తరువాత ఆ పైకం ఆ రెండో పిల్లవానికి పోవాలి. అట్లా తిరిగితే పదేళ్లలో ఈ బస్టాండు రోడ్డులో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో లెక్క వేసుకోండి.

నష్టపోతే ఏం చేయాలని అడగవచ్చు. నష్టపోవచ్చు. ఆ పెద్ద మోనహనే బ్యాంకు చేతిలో పడ్డవాడు. అందుకే చిన్నగా మొదలుపెట్టమంటున్నాం. రెండు సైజులు, మూడు రకాలు, ఒక పొయ్యి. రెండో కొట్టు మాట మూడేళ్లదాకా ఎత్తవద్దని వాళ్లకు ఇప్పటికే చెప్పాం.

చివరగా మా మీద మాకే ఉన్న ఫిర్యాదు చెప్పుకుని కూర్చుంటాం. ఆ హాజరుపట్టీలో ఎర్ర గీత గీసిన రోజు మేము వాడి ఇంటిదాకా నడిచి ఉంటే, దూరం అర కిలోమీటరు కూడా లేదు, వాడు ఇవాళ ఎక్కడ ఉండేవాడో అల్లాకే తెలుసు. అప్పుడు పోలేదు. మొన్న పోయాం. వాడు ఇంకా కొంచెం కుంటుతూనే నడుస్తున్నాడు. వాళ్ల అమ్మీ చాయ్ ఇచ్చింది. వాడు ఒక నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. పొయ్యి ఖర్చు, మైదా ధర, పెట్టె ఖర్చు, అద్దె, కరెంటు, అన్నీ గళ్లు గీసి రాశాడు. మొత్తం మేము కూడి చూశాం. ఒక్క పైసా తేడా లేదు.

కమిటీ పెద్దలు ఆ పుస్తకం ఒకసారి చూడాలని వినయంగా కోరుతున్నాం.